శకునం చూసి పరిగెత్తిన గురుమూర్తి

మా బావ గురుమూర్తి చిక్కపేటలో చీరల వ్యాపారి. బెంగళూరులో ఎక్కడ పరుగు పందెం జరిగినా పేరు ఇచ్చేవాడు, వెళ్ళేవాడు, గీత దగ్గర నిలబడేవాడు. ఏళ్ళ తరబడి ఇంత శ్రద్ధగా పాల్గొన్న మనిషి ఒక్క పందెం కూడా పూర్తి చేయలేదు. కాళ్ళు బాగాలేక కాదు, కాళ్ళు బ్రహ్మాండంగా ఉండేవి. శకునాలే బాగుండేవి కావు.

తొంభై రెండులో ఆయనకు చక్కెర జబ్బు బయటపడింది. మాత్రలు రాసిచ్చి, పొద్దున్నే నడవమన్నాడు డాక్టరు. నడక ముసలివాళ్ళ పని అని తీర్మానించి మా బావ ఏకంగా పరుగు మొదలుపెట్టాడు. పేటలో తెల్లవారకముందే చేతిబండ్లు రోడ్డెక్కుతాయి. వాటి మధ్య పంచె ఎగగట్టి ఈయన పరిగెత్తుతుంటే, ముందు దొంగ ఎవడో పోతున్నాడనుకుని కూలీలు దారి ఇచ్చేవాళ్ళు. నేను ఆయన బామ్మర్దిని, రాజగోపాల్‌ని. పందెం రోజున ఆయన చెప్పులూ సంచీ మోసే గౌరవం నాకు దక్కింది.

మొదటి పందెం పేట వర్తకులు నవంబరులో కన్నడ రాజ్యోత్సవానికి పెట్టినది. ఈల వేశారు. సరిగ్గా అప్పుడే వెనక ఎవరో తుమ్మారు. అందరూ పరిగెత్తారు, మా బావ నిలబడిపోయాడు.

"ఏమైంది బావా?"

"ఒంటి తుమ్ము అప్పా. ఇంగోటి పడాల, అప్పుడు పోవచ్చు."

తుమ్మినవాడు కూడా పందెంలో ఉన్నవాడే. ఆ రెండో తుమ్మేదో అవెన్యూ రోడ్డులో ఎక్కడో తుమ్ముకుని ఉంటాడు. మేము మాత్రం బహుమతుల స్టీలు బిందెలు పంచేదాకా అక్కడే నిలబడి, చెవులు రిక్కించి విని, ఇంటికి వచ్చాం.

ఆ తరవాత పందేలకు అడ్డం పడింది వెంకటరాయప్ప. మా వీధి మొదట్లోనే ఆయన ఇనుప సామాన్ల అంగడి. పొద్దున్నే అంగడి అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాణ్ణీ "యాడికప్పా?" అని అడగడం ఆయనకు ఊపిరి తీసినంత సహజం. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే పని చెడుతుంది. చెడకుండా ఉండాలంటే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలి. కాబట్టి పందెం మధ్యలో, రొమ్ము మీద నంబరు కట్టుకుని, మా బావ వెంకటరాయప్ప అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగేవాడు. నంబరు కట్టుకుని పరిగెత్తే మనిషి ఎక్కడికి పోతున్నాడో తెలియని వెంకటరాయప్పదీ, దానికి కూర్చునే మా బావదీ, ఎవరి తెలివి ఎక్కువో నేను తేల్చలేకపోయాను.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నవ్వలేనిది చౌడమ్మ వదిన సంగతి.

చౌడమ్మ వదిన మా బావకు అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చింది. బావ కోసం పందెం రోజున రాగి అంబలి కాచేది ఆవిడ, పంచె ఉతికి మడత పెట్టేది ఆవిడ. మాత్రలు వేసుకునే మనిషికి పరుగులో కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి ఇంత బెల్లం గుడ్డలో మూటగట్టేదీ ఆవిడే. తొంభై ఆరులో ఒక పందెం పొద్దున, పాలవాడు పిలిస్తే గిన్నె పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. గడప దాటబోతున్న బావకు సరిగ్గా ఎదురైంది. బావ ఒక్క మాట అనలేదు. సంచి గోడకు తగిలించి, చొక్కా విప్పి, మంచం మీద పడుకున్నాడు.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేది ఆవిడ. ఏమీ అనకపోయేసరికి ఆ రోజు నుంచి తనంతట తానే వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకోవడం అలవాటు చేసుకుంది. బయట మా అక్క సరోజ, ముత్తయిదువ కాబట్టి, చెంబు నిండా నీళ్ళతో ఎదురు వచ్చేది. మూట అందించేదీ మా అక్కే. బావ గడప దాటిన చప్పుడు విన్నాక గానీ వంటింటి తలుపు తెరుచుకునేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి ఆవిడతో అనేశాను కూడా.

"నువ్వెందుకు వదినా దాక్కునేది? నీ చేతి అంబలి పనికొస్తుంది, నీ మొహం పనికిరాదా?"

"వాడు గెలవల్ల గదప్పా," అంది. మళ్ళీ తనే, "ఒగసారన్నా వాడు పరిగెత్తేది చూడల్లని ఉండాది. ఎట్ల పరిగెత్తుతాడో ఏమో," అంది.

పేటంతా చూసిన పరుగు అది. అంబలి కాచిన మనిషి ఒక్కతే చూడలేదు.

పేటలో తెలిసినవాళ్ళు ఎక్కువై శకునాలు చెడుతున్నాయని బావ ఊరు చివర పందేలు వెతికాడు. ఫ్యాక్టరీ కార్మికులు మే డేకి హెబ్బగోడి నుంచి చందాపుర దాకా పోయి వచ్చే పరుగు పెడితే అక్కడికి పోయాం. అక్కడ ఈయన ఎవరో ఎవరికీ తెలియదు, ఎక్కడికని అడిగే నాథుడు లేడు. పోవడం చక్కగా పోయాడు. చందాపుర సర్కిల్లో పిల్లి అడ్డం వచ్చింది. పిల్లి పోయిన చోటును ముందు ఇంకెవరైనా దాటితే దోషం వాళ్ళకు పోతుంది. కానీ దాటవలసిన కార్మికులందరూ అప్పటికే దాటి ఎటో పోయారు. ఇంకో మనిషి కోసం ఈయన రోడ్డు పక్కన నిలబడితే, అత్తిబెలె బస్సు కోసమనుకుని ఒక కండక్టరు ఆపి మరీ ఎక్కమన్నాడు. మేము హెబ్బగోడి చేరేసరికి షామియానా విప్పేశారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఊరికంతటికీ పరుగు పిచ్చి పట్టింది. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే వాళ్ళందరూ ఆదివారం పొద్దున ఒకే రంగు బనియన్లు తొడుక్కుని రోడ్ల మీదికి వచ్చారు. నగరం నడిబొడ్డున పది కిలోమీటర్ల పందెం పెట్టారు. మా మేనకోడలు దివ్య, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, తండ్రికి బూట్లు కొనిచ్చి, కంప్యూటర్లో పేరు నమోదు చేసి, బూటుకు కట్టుకునే ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి తెచ్చి ఇచ్చింది. ఈల ఎప్పుడు వేసినా ఫరవాలేదట, మనం గీత దాటినప్పుడే మన టైము మొదలవుతుందట. ఆ సంగతి విన్నప్పుడు మా బావ మొహం చూడవలసింది.

"అంటే తుమ్ము పడితే నిలబడొచ్చా?"

"నిలబడొచ్చు నాన్నా. కానీ రోడ్డు మళ్ళీ బండ్లకు వదిలేలోగా ముగించాలి. లేకపోతే మెడల్ ఉండదు."

"సైన్సు ఇప్పటికి దారికొచ్చిందప్పా," అన్నాడు నాతో.

అది రెండు వేల ఎనిమిది. ఆ ఉదయం శకునాలు అన్నీ కుదిరాయి. పంచాంగంలో వర్జ్యం లేదు. ఎవరూ తుమ్మలేదు. వెంకటరాయప్ప నిద్ర లేచే లోపలే ఆటో వీధి దాటింది. అప్పుడు జేబు తడుముకుని, "బెల్లం మరిచితి," అన్నాడు బావ. మా అక్క నీళ్ళ చెంబు పట్టుకునే హడావిడిలో మూట కిటికీలోనే వదిలేసిందట.

"ఆటో తిప్పించనా?"

"బయలుదేరినాక వెనక్కి తిరగకూడదు గదా. ఏమీ కాదులే."

గీత దగ్గర మంచి ఘడియ చూసుకుని, వేల మంది పోయాక, తీరిగ్గా బయలుదేరాడు. నేను సంచీ చెప్పులూ పట్టుకుని కబ్బన్ పార్కు పక్కన, పందెం చివరి మలుపు దగ్గర నిలబడ్డాను. ముందు నిజంగా పరిగెత్తేవాళ్ళు వచ్చారు. తరవాత ఆయాసపడేవాళ్ళు వచ్చారు. ఆ తరవాత సెల్‌ఫోన్లో ఫోటోలు తీసుకుంటూ నడిచేవాళ్ళు కూడా వచ్చారు. బావ రాలేదు. ఏ పిల్లి అడ్డం వచ్చిందో అనుకుంటూ వెనక్కి నడిచాను. ఆ మలుపు అవతలే, రోడ్డు అంచున కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి.

"ఏం శకునం బావా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"శకునాలన్నీ బాగుండాయప్పా. కండ్లు తిరగతా ఉండాయి."

ఆ మాటతో నాకు భయం వేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఆగడానికి పిల్లీ లేదు, తుమ్మూ లేదు. దగ్గర్లో నీళ్ళ బల్ల ఉంది, నీళ్ళున్నాయి. తీపి వస్తువు ఒక్కటీ లేదు. అంగళ్ళన్నీ మూసి ఉన్నాయి. సాయానికి ఎవరినైనా పిలుద్దామని రోడ్డు వైపు తిరిగాను.

చౌడమ్మ వదిన వస్తోంది.

కిటికీలో మూట చూసి బయలుదేరితే, రోడ్లు మూసేశారని ఆటోవాడు ఎక్కడో దింపేశాడట. పరిగెత్తేవాళ్ళు వచ్చే వైపుకి పోతే తమ్ముడు కనిపిస్తాడని, ఆవిడ రోడ్డుకు అడ్డంగా పెట్టిన కట్టె దాటి రోడ్డు మధ్యకు వచ్చి, జనానికి ఎదురుగా నడుస్తోంది. బొట్టు లేని మొహం, తెల్ల చీర, చేతిలో బెల్లం మూట. పోటీకి వచ్చిన పెద్దావిడే దారి తప్పిందనుకుని కొందరు చప్పట్లు కూడా కొట్టారు. మా బావ లెక్క ప్రకారం ఆ పూట కొన్ని వందల మంది పని చెడిపోయి ఉండాలి. నేను చూస్తుండగా ఒక్కడూ బోర్లా పడలేదు.

బావ ఆవిడను దూరం నుంచే చూశాడు. చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ స్థితిలో కూడా మెడకు ఆ ఓపిక ఉంది.

ఆవిడ వచ్చి ముందు నిలబడింది. "ఇట్ల తిరుగు. నోరు తెరువు."

తెరిచాడు. బెల్లం పెట్టింది.

"వెనక్కి వస్తే శకునం చెడతాదని పోతివే. ప్రాణం పోయినాక ఏమి శకునం చూసుకుంటావురా?"

బావ చిన్నపిల్లవాడిలా బెల్లం చప్పరిస్తూ కూర్చున్నాడు. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది, మొహంలోకి రంగు వచ్చింది. ఆటో చూస్తానన్నాను. ఇద్దరూ నా మాట వినిపించుకోలేదు.

"ఇంగెంత దూరం ఉండాది?" అని ఆవిడ అడిగింది.

"ఆ మలుపు తిరిగితే అయిపాయె."

"అయితే మెల్లగా పో. నేను చూస్తా."

బావ లేచాడు. ముగింపు గీత ఉన్న వైపుకీ ఆయనకీ మధ్య ఆవిడే నిలబడి ఉంది. తొంభై ఆరులో గిన్నె పట్టుకుని నిలబడ్డట్టే, సరిగ్గా ఎదురుగా. బావ నా వైపు చూశాడు. నేను చెప్పులు చూసుకున్నాను, ఆ సంగతి మాత్రం ఆయనే తేల్చుకోవాలని. ఆయన ఆవిడ పక్కనుంచి ముందుకు పరిగెత్తాడు.

మేమిద్దరం వెనకే నడిచాం. గీత దగ్గర టైము పట్టే చాపను అప్పటికే చుడుతున్నారు. ఈయనను చూసి పాపం మళ్ళీ పరిచారు. బూటు బిళ్ళ దాటగానే అది కూసింది. ఎవరో మెడలో మెడల్ వేశారు. ఆ పరుగు నిజానికి చూడదగ్గది కాదు. రెండు చంకల్లో చీరల మూటలు ఉన్నట్టు మోచేతులు బయటికి పెట్టి, ఈడుస్తూ పరిగెత్తాడు.

చౌడమ్మ వదిన కళ్ళార్పకుండా చూసింది.

"ఇదేనా?" అంది. "దీనికేనా నేను ఇన్నేండ్లు వంటింట్లో కూసున్నెది?"

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజుతో బావ శకునాలు మానేశాడని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు మా బావ తెలియదన్నమాట. మరుసటి సంవత్సరం పందెం పొద్దున పంచాంగం చూశాడు, బూట్లు కట్టుకున్నాడు, గడప ముందు నిలబడ్డాడు. మా అక్క నీళ్ళ చెంబుతో బయటికి వెళ్ళబోయింది.

"నువ్వు వద్దు సరోజా. అక్కను రమ్మను."

"వదిననా?"

"ఆ యమ్మ ఎదురొచ్చినప్పుడే గదా ముగించింది. ఆ యమ్మే రావల్ల."

మనిషి మారలేదు. శకునాల పట్టికలో ఒక్క పేరు అటునుంచి ఇటు మార్చుకున్నాడు, అంతే. వంటింటి తలుపు తెరుచుకుంది. చౌడమ్మ వదిన వచ్చింది గానీ చేతిలో చెంబు లేదు. కాళ్ళకు చెప్పులున్నాయి, భుజాన సంచి ఉంది.

"ఎదురొచ్చేది సరోజనే చేయనీ," అంది. "నేను కూడా వస్తా. ఈసారి మొదట్నుంచీ చూడల్ల."

ఎవరి జవాబు కోసమూ ఆగకుండా ఆవిడే ముందు గడప దాటింది. వెనక బావ, ఆ వెనక చెప్పులతో నేను. ఆటో వీధి మొదట్లో నిలబడి ఉంది. ఆ రోజు వెంకటరాయప్ప త్వరగా లేచాడు. అరుగు మీద కూర్చుని ముందు వస్తున్న ఆవిడను చూశాడు.

"యాడికి చౌడమ్మా, ఇంత పొద్దున్నే?"

బావ ఆగిపోయాడు. ఆయన చూపు నేరుగా అరుగు మీద ఖాళీ చోటుకు పోయింది. ఆవిడ మాత్రం ఆ ప్రశ్నకు మురిసిపోయింది. ఆ వీధిలో ఆవిడను ఎక్కడికని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

"మా తమ్ముడు పరిగెత్తేది చూసేకి పోతా ఉండానప్పా," అని నిలబడి, తీరిగ్గా, వీధికంతా వినిపించేలా చెప్పి, ఆటో ఎక్కి కూర్చుంది. బావ కాసేపు అరుగునూ ఆటోనూ మార్చి మార్చి చూసి, వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు.