అమరం వదిలిన మల్లేశు

బండి నేర్చుకోవడానికి కూర్చున్న మొదటి రోజే మల్లేశు బావమరిది యువరాజ్‌ని ఒక ప్రశ్న అడిగాడు.

"ఒరే, ఈ బండిలో తోలేవోడు ముందెందుకు కూకుంటాడ్రా?"

"మరెక్కడ కూకుంటాడు బావా? టాపు మీదా?"

"ఎనక."

యువరాజ్ పగలబడి నవ్వాడు. మల్లేశు నవ్వలేదు. అతను నిజంగానే అడిగాడు. మీసాలు రాకముందు నుంచి చేపల వేటకెళ్లే డింగీ పడవ తోలిన మనిషి. డింగీలో తోలేవాడు వెనక కొసన కూర్చుంటాడు. ఆ కొసను వాళ్లు అమరం అంటారు. చుక్కాని కర్ర పట్టుకుని అమరం మీద కూర్చుంటే పడవ మొత్తం కళ్లముందు ఉంటుంది. వలలు, ఐసు పెట్టె, మనుషులు, ముందు కొస, దానికి ముందు సముద్రం. వీపు వెనక ఇంజిను రేపిన నురుగు తప్ప ఇంకేమీ ఉండదు. ఇక్కడ చూస్తే బండంతా వీపు వెనక ఉంది. ముందు ఒక అద్దం, దాని మీద ఎండిపోయిన వాన మరకలు.

"మోసేదాన్ని ఎనకెట్టుకుని సూడకుండా ఎలాగ తోల్తార్రా?"

"అద్దాల్లో సూడు బావా. అరే, పెహలే స్టార్ట్ తో కరో, ముందు స్టార్ట్ సెయ్యి!"

మల్లేశు తాత శ్రీకాకుళం వైపు సముద్రాన్ని వదిలి హిందీ మాట్లాడే ఈ దీవుల సముద్రానికి వచ్చాడు. మల్లేశు జంగ్లీఘాట్ ఒడ్డున పుట్టి, అక్కడే వల పట్టాడు. నలభై దాటాక, కిందటి వానల్లో లంగరు తాడు ఒక్కసారిగా గుంజి అతని కుడి భుజం పట్టు తప్పింది. డాక్టరు మందులు రాసి, బరువు లాగొద్దన్నాడు. వల లాగొద్దంటే సముద్రానికి వెళ్లొద్దనే. ఒడ్డెక్కిన బెస్తవాడికి ఆ ఊళ్లో దొరికే కొలువు ఒకటుంది. ఎవరిదో సిమెంటు గొడౌను, దాని ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో టార్చిలైటు. గాలినీ పోటునూ ఇంతకాలం ఎదుర్కొన్న మనిషిని తీసుకొచ్చి తాళంకప్ప పక్కన కూర్చోబెడతారు. పైగా మేలు చేశామని పదిమందికి చెప్పుకుంటారు.

"ఆ కుర్సీలో మాత్రం కూకోనే," అన్నాడు మల్లేశు భార్య అమ్మడుతో. "ఏదోటి కదలాల నా సేతి కింద."

ఆ మాట విన్నది ఆమె తమ్ముడు యువరాజ్. డాలీగంజ్‌లో గణేశ్వరరావు హార్డ్‌వేర్ షాపుకి అతనే డ్రైవరు. పైపులు, రేకులు, పెయింటు డబ్బాలు మోసే చిన్న గూడ్సు బండి అది. ఊళ్లో అందరూ ఛోటా హాథీ అంటారు. యువరాజ్‌కి దీవుల మధ్య తిరిగే ఓడలో పని దొరికింది. నెలాఖరుకి ఎక్కాలి. బండి సీటు ఖాళీ అవుతుంది. సరుకు ఎత్తి దించడానికి వేరే మనుషులున్నారు కాబట్టి భుజంతో పని లేదు.

గణేశ్వరరావు మంచివాడే, షాపువాళ్లు ఎంత మంచివాళ్లుగా ఉండగలరో అంత. "లైసెన్సు తెచ్చుకో మల్లేశూ, సీటు నీదే. యువరాజ్ ఓడెక్కే రోజుకి నీ చేతిలో లైసెన్సు లేకపోతే మాత్రం జోగులు ఎక్కుతాడు. నా బేరం ఆగదు కదా," అన్నాడు.

ఆ సీటు కోసమే కాచుకున్న జోగులు అప్పటికే షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బండి వైపు చూస్తూ పళ్లు కుట్టుకుంటున్నాడు.

నేర్చుకోవడం బ్రూక్షాబాద్‌లో, కొండ తొలిచి చదును చేసి వదిలేసిన ఖాళీ జాగాలో. డింగీలో చుక్కాని కర్ర ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. మల్లేశు చేతులకు తెలిసింది అదే. యువరాజ్ "లెఫ్ట్, లెఫ్ట్!" అని అరిస్తే బండి కుడివైపు పొదల్లోకి దూరింది.

"బావా, నీకు లెఫ్ట్ తెల్దేటి?"

"నాకు తెలుసురా. నా సేతులకే తెల్దు."

అది నాలుగు రోజుల్లో సర్దుకుంది. రెండో జబ్బు మాత్రం వదల్లేదు. ఎడమ మలుపు తిరిగిన ప్రతిసారీ బండి ముందు భాగం చక్కగా తిరిగేది, వెనక ఎడమ చక్రం వెళ్లి కాలవలో పడేది. ముందు చక్రం అంత దూరంగా పోయినప్పుడు వెనకది కాలవలో ఎందుకు పడుతోంది? యువరాజ్‌ని అడిగితే, "నాకేటి తెలుసు? కొంచెం ఎల్లాక తిప్పు, అంతే," అన్నాడు. నేర్పేవాళ్లు చాలామంది అంతే. వాళ్లకు వచ్చుగాని తెలియదు.

ఒకరోజు వాన వెలిశాక ఆ జాగా అంతా మెత్తటి ఎర్రమట్టి అయింది. మల్లేశు ఒక మలుపు తిప్పి, బండి ఆపి దిగాడు. చక్రాల జాడల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ముందు చక్రం గీసిన గీత వెడల్పుగా వంగి పోయింది. వెనక చక్రం ఆ గీత మీద నడవలేదు. దానికి లోపల, అడ్డదారిన, ఇంకో గీత గీసుకుంది.

"దొంగముండా," అన్నాడు చక్రంతో.

పడవ ఇలా చెయ్యదు. పడవ తిరిగేటప్పుడు అమరం బయటికి జరుగుతుంది. అందుకే అతను మలుపు లోపలి పక్క జాగా వదలడంలేదు. బయటి పక్కే వదులుతున్నాడు. అతను వేలితో రెండు గీతల మధ్య దూరం కొలిచాడు. ముందుకెళ్లి కొలిచాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. ఇన్నేళ్లు సముద్రం మీద తిరిగితే ఒక్క జాడ మిగల్లేదు. ఒప్పు చేసినా తప్పు చేసినా నీళ్లు అప్పుడే చెరిపేసుకునేవి. ఇక్కడ తను చేసిన ప్రతి పొరపాటూ మట్టిలో అచ్చుగుద్దినట్టు ఉంది. అది అతనికి ఎంత వింతగా అనిపించిందంటే, మరుసటి రోజు నుంచి ప్రతి మలుపు తిప్పాక దిగి వెనక్కి వెళ్లి చూసుకున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఈయన ఏదో పారేసుకున్నాడనుకున్నారు.

వెనక చక్రం మళ్లీ కాలవలో పడలేదు.

ఇంక అడగడం మొదలుపెడితే ఆపలేదు. క్లచ్చి తొక్కితే లోపల ఏది దేన్ని వదులుతుంది? హారన్‌కి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? హ్యాండ్ బ్రేకు సంగతి మాత్రం ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అది లంగరు. బండిని నిలబెట్టి, లంగరేసి, ఇంజిను పట్టు దొరికాక లంగరెత్తితే ఎంత ఎత్తయినా ఎక్కుతుంది. ఎత్తుల మీద ఇంజిను ఆగిపోయినప్పుడల్లా పక్కనున్న యువరాజే చెయ్యి చాపి టక్కున ఆ హ్యాండ్ బ్రేకు లాగేసేవాడు. మల్లేశు అది గమనించేవాడు కాదు. ఇంజిను ఆగగానే అతని తల కిటికీ బయటికి, వెనక్కి తిరిగేది.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మడు చేపల తొట్టె కడుగుతూ వినేది. ఆమెకీ ఆరాటమే. పెళ్లయి ఇన్నేళ్లయినా మొగుడు తోలేదాన్ని ఆమె ఎక్కి ఎరగదు. వేటకెళ్లే పడవలో ఆడమనిషి కాలు పెట్టకూడదని వాళ్ల కట్టు. పడవ తెచ్చిన చేప అమ్మడానికి మాత్రం ఆడమనిషే కావాలి. అది వేరే సంగతి.

"నీ సేతికి లైసెన్సొస్తే నన్ను ఎక్కించుకుంటావేటి మావా?"

"బండికి కట్టుబాట్లు నేవుగా. ఎక్కు."

టెస్టు రోజు మైదానంలో మల్లేశు ఎనిమిది అంకెలా గీసిన దారిలో ఎక్కడా గీత తొక్కకుండా తిరిగి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు సాబ్ తలెత్తి కూడా చూడలేదు. అంటే బాగా చేసినట్టు. తర్వాత ఎత్తు. సగం ఎక్కి, ఆపి, మళ్లీ కదిలించాలి. బండిలో మల్లేశు ఒక్కడే. ఎక్కాడు. ఆపాడు. లంగరేశాడు. ఇంజిను పెంచి లంగరెత్తాడు. కాలు తొందరపడింది. ఇంజిను ఠక్కున ఆగిపోయింది.

బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

మల్లేశు కంగారుపడలేదు. ఇంజిను ఆగిన పడవలో ఎన్నిసార్లు కూర్చోలేదు. కదిలేదానికి లంగరేస్తే ఏమవుతుందో అతని కుడి భుజానికి తెలుసు. వెంటనే అన్నిటి మీదా కాళ్లు తీసేసి, కిటికీలోంచి సగం బయటికి వాలాడు. "హోయ్! తప్పుకోండి!" అని కేకేశాడు. ఒక చేత్తో స్టీరింగు సర్దుకుంటూ, జారే బండిని చుక్కాని పట్టినట్టు మెల్లగా గట్టు పక్కకి మళ్లించాడు. ఎత్తు మొదట్లో గడ్డి మీదికి తెచ్చి గట్టుకి ఆనించాడు. ఎవరికీ తగల్లేదు. దేనికీ గీత పడలేదు. రేవులో ఇలా చేసుంటే నలుగురూ బాగా తెచ్చాడని అనేవారు.

ఇన్‌స్పెక్టరు పరుగెత్తుకొచ్చి, బ్రేకెందుకు వెయ్యలేదని నిలదీశాడు. "బ్రేక్ క్యోం నహీ మారా?"

"ఇంజన్ బంద్ హో గయా, సాబ్."

"తో?"

"తో... బ్రేక్ భీ బంద్."

ఇన్‌స్పెక్టరు కలం కాగితం మీదే ఆగిపోయింది. "కిస్నే బోలా?" అన్నాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

మల్లేశు ఆలోచించాడు. ఎవరూ చెప్పలేదు. పడవలో ఇంజిను పోతే అన్నీ పోతాయి. పట్టు అనేది దేనికీ ఉండదు. అది అతనికి ఎంత తెలిసిన విషయమంటే, ప్రశ్న అనే అనిపించలేదు.

"చల్తా హై," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంజన్ బంద్ హోనేపర్ భీ బ్రేక్ చల్తా హై. థోడా జోర్ సే దబానా." ఇంజిను ఆగినా బ్రేకు పడుతుంది, కొంచెం గట్టిగా తొక్కాలంతే. ఫెయిల్ అని రాసి, వచ్చే వారం రమ్మన్నాడు.

యువరాజ్ నెత్తి పట్టుకున్నాడు. "హారన్ కాణ్ణుంచి స్క్రూల దాకా అన్నీ అడిగినావు కదా బావా, ఇదొక్కటీ అడగనేదేటి?"

"అడగాలంటే అనుమానం రావాల కదరా."

కబురు వాళ్లకంటే ముందు డాలీగంజ్ చేరింది. జోగులు మెట్ల మీంచే పలకరించాడు. "ఏటి మల్లేశన్నా, బండిని రేవులో కట్టీసి వొచ్చినావంట? పోటొచ్చినప్పుడు తెస్తావేటి?"

గణేశ్వరరావు నవ్వాపుకోవడానికి క్యాలెండర్ వైపు తిరిగాడు. "వచ్చే వారం దాకా చూస్తాను. యువరాజ్ ఎలాగూ అప్పటిదాకా ఉంటాడు. ఆ తర్వాత నన్ను అనొద్దు." మల్లేశుకి ఆ క్షణంలో గొడౌను ముందు ప్లాస్టిక్ కుర్చీ కనిపించింది. ఖాళీగా, తన కొలతకే పోసినట్టు.

ఆ సాయంత్రమే ఇద్దరూ బ్రూక్షాబాద్ ఎత్తు మీదికి వెళ్లారు. సగం ఎక్కాక మల్లేశు కావాలనే తాళం తిప్పి ఇంజిను ఆపేశాడు. బ్రేకు గట్టిగా తొక్కాడు.

బండి నిలబడింది.

ఇంజిను చప్పుడు లేదు. ఎక్కడో కోయిల కూస్తోంది. అంత బండి, వెనక సిమెంటు బస్తాలతో సహా, కొండ వాలు మీద ఊరికే నిలబడి ఉంది.

"ఏటి పట్టుకుందిరా దీన్ని?"

"బ్రేకు."

"దాన్నేటి పట్టుకుంది?"

"నీ కాలే బావా."

మల్లేశు కిందికి చూశాడు. అరిగిన చెప్పు, ఉప్పునీళ్లకు పగిలిన మడమ. కాలు కొంచెం వదిలాడు. బండి కొంచెం జారింది. తొక్కాడు. ఆగింది. మళ్లీ వదిలాడు, మళ్లీ తొక్కాడు. సముద్రం మీద అతని ఒంట్లో ఏ భాగమూ దేన్నీ ఆపి ఎరగదు. గాలి ఆపితే ఆగాలి, పోటు వదిలితే కదలాలి.

"సాలు బావా, సీకటి పడతంది."

"ఉండరా, ఇంకొక్కసారి."

రెండో టెస్టులో, అదే ఎత్తు మీద, అదే చోట, ఇంజిను మళ్లీ ఆగింది. ఈసారి వెనక ఇంకో బండి ముక్కు ఆనించినట్టు నిలబడి ఉంది. మైదానం అంచున యువరాజ్ కళ్లు మూసుకున్నాడు. మల్లేశు తొక్కాడు. బండి వేలెడు కూడా జారలేదు. అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు గాని వెనక్కి చూడలేదు. ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. చూసి లంగరేశాడు, తాళం తిప్పాడు, నిదానంగా ఎక్కించాడు. ఇన్‌స్పెక్టరు "హా, హా, జావ్," అని చెయ్యి విసిరాడు. ఆ మాటల్లోనే పాసయినట్టు మల్లేశుకి అర్థమవడానికి కాసేపు పట్టింది.

యువరాజ్ ఓడెక్కిన మర్నాడు పొద్దున్నే మల్లేశు షాపుకి బయలుదేరుతుంటే అమ్మడు వచ్చి బండి తలుపు దగ్గర నిలబడింది. ఎక్కే ముందు ఒక్కక్షణం కాలు గాల్లో ఆగింది. తర్వాత ఎక్కి, సీటు కొసన, పరాయివాళ్ల ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. లంబాలైన్ దగ్గర ఎత్తు మీద బళ్లన్నీ ఆగిపోయాయి. ముందు ఏదో టూరిస్టు బస్సు అడ్డం తిరిగింది. మల్లేశు తాళం తిప్పి ఇంజిను ఆపేశాడు.

అమ్మడు గభాల్న డాష్‌బోర్డు పట్టుకుంది. "అదేటి మావా, ఆపీసినావు? ఎనక్కి జారిపోదేటి?"

"పోదు."

"ఎవులు పట్టుకున్నారు మరి?"

"నానే."

ఆమె అతని మొహం వంక చూసింది. స్టీరింగు మీద చేతులు ఊరికే ఉన్నాయి. వంగి కిందికి చూసింది. బ్రేకు మీద అతని కాలుంది.

"ఆ సెప్పు మార్సు మావా," అంది. "తెగిపోయేలాగుంది."