రాజోలుకు మళ్ళించిన తంతి

జరిగిన అన్యాయాలను ముందుగా తేదీల వరుసలో నమోదు చేస్తున్నాను.

1978 ఆగస్టు, మొదటి వారం: పాత చిరునామాను మరో మూడు నెలలు ఉంచవలసిందిగా పై కార్యాలయానికి ఉత్తరం రాశాను. జవాబు లేదు.

అదే నెల, చివరి వారం: చిరునామాను వెంటనే మార్చవలసిందని ఆజ్ఞ వచ్చింది. అందులో నా ఉత్తరం ఊసే లేదు.

సెప్టెంబరు, ఒక బుధవారం: మా చెల్లెలు ఇచ్చిన తంతి నాకు చేరవలసింది, రాజోలు వెళ్ళింది.

అదే వారం, ఆదివారం: మా చెల్లెలు పోయింది.

1979 జనవరి: విచారణ ముగిసిందనీ, పొరపాటేదీ కనబడలేదనీ తెలియజేశారు.

అప్పటి నుంచి 1986లో నా ఉద్యోగ విరమణ వరకు: పదకొండు ఉత్తరాలు రాశాను. ముట్టినట్టు రసీదులు వచ్చాయి. జవాబు రాలేదు.

ఆ రోజుల్లో నేను కొత్తపేటకు కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న తంతి కార్యాలయంలో గుమాస్తాను. ఇత్తడి మీట నొక్కి తీగ మీద మాటలు పంపడం, అవతలి నుంచి వచ్చే టకటకలను చెవితో విని కాగితం మీద పెట్టడం నా పని. పొట్టి చిరునామాల రిజిస్టరు కూడా నా చేతిలోనే ఉండేది. తంతికి మాటల లెక్కన రుసుము కనుక వ్యాపారస్థులు తమ పేరుకూ వీధికీ బదులుగా ఒకే ఒక్క మాటను శాఖలో నమోదు చేయించుకునేవారు. ఆ మాట ఎవరిదో, దానికి వచ్చిన తంతి ఏ గుమ్మానికి చేరాలో చెప్పేది ఆ రిజిస్టరే. మార్పు వస్తే పాతది ఎర్రసిరాతో కొట్టి, కొత్తది రాసి, గోదావరి అవతలి పెద్ద కార్యాలయానికి మీట మీద తెలియజేయాలి. వారు తమ పుస్తకంలో దిద్దుకున్న క్షణం నుంచి ఆ మాటకు వచ్చే తంతులన్నీ కొత్త దారిన పోతాయి.

మా ఊరి కొబ్బరి షావుకారు గారికి అటువంటి మాట ఒకటి ఉండేది. కాగితం మీద అది ఆయనదే. వాడుకలో మా పేట అంతటిది. ఆయన తాతల చేలల్లో మా తాతలు కూలికి వెళ్ళేవారు. మేము మిషను బడిలో చదువుకుని నర్సులమై, ఉపాధ్యాయులమై, నానా ఊళ్ళకూ వెళ్ళాం. అక్కడి నుంచి ఇంటికి తంతి ఇవ్వవలసి వస్తే అందరూ షావుకారు గారి మాట, ఊరు, చివర ఇంటి మనిషి పేరు రాసేవారు. నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. షావుకారు గారు మాత్రం ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఏ తంతి అయినా ముందు నా చెవిన పడేది కనుక మా పేటవి నేనే విడదీసి ఇళ్ళకు పంపేవాణ్ణి.

మా చెల్లెలు ఉత్తరదేశంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగానికి బయలుదేరిన రోజున ఆ మాటను ఆమె బైబిలు అట్ట లోపల నేనే రాసి ఇచ్చాను. “ఇది రాస్తే చాలమ్మా, నా చెవిలో పడుతుంది” అన్నాను.

1978లో షావుకారు గారు కార్యాలయానికి వచ్చారు.

“కొట్టు రాజోలు మార్చేసేనండి, గుమాస్తా గారూ. మా మాట కూడా అక్కడికే మార్పించండి.”

“మరి మా పేట తంతులో?”

“ఆయ్, వస్తే మా కొట్లో గుమాస్తా పంపడాండీ? మీ పేటోళ్ళు నాకు కొత్తేంటి!”

ఆయన మాట మీద నాకు అనుమానం లేదు. అయినా ఆ మాటను వాడుతున్న ఇళ్ళను జాబితా రాసుకున్నాను. పందొమ్మిది తేలాయి. మూడు నెలల పాటు ఆ తంతులు మునుపటిలా మా కార్యాలయానికే రావాలనీ, షావుకారు గారివి అక్కడి నుంచి నేను రాజోలు పంపుతాననీ పై కార్యాలయానికి రాశాను. మా పోస్టుమాస్టరు గారు చూసి నవ్వారు.

“మళ్ళీ ఉత్తరవా? కిందటేడు గడియారం బాగుచేయించమని రాసేరు. గడియారం ఆగింది గానీ మీ రాత ఆగలేదండి.”

“జవాబివ్వడం వారి విధి అండి.”

“విధేనండి, ఎవరు కాదన్నారు? ఈలోగా ఊళ్ళు పట్టుకుపోయిన మీ పేటోళ్ళకి తలో కార్డూ రాసి పడెయ్యండి. గొడవొదిలిపోద్ది.”

“ఏ చిరునామా ఎప్పటిదాకా ఉంటుందో ఖాయంగా తెలిశాక రాస్తానండి. తెలియని సంగతి ఎలా రాయను?”

“మీ ఖాయం వచ్చేసరికి నాకు పింఛనొచ్చేస్తాదండి బాబూ!”

ఆజ్ఞ వచ్చిన పూటే రిజిస్టరులో పాత చిరునామాను ఎర్రసిరాతో కొట్టాను. ఈ మాటకు వచ్చే తంతులు ఇకమీదట ఇక్కడికి కాదు, రాజోలుకు అని మీట మీద పంపాను. అందినట్టు అవతలి నుంచి సంజ్ఞ వచ్చింది. నా ఉత్తరానికి వేరుగా జవాబు వస్తుందని నమ్మి కార్డులు రాయకుండా ఆగాను.

ఆ బుధవారం నేను రోజంతా బల్ల దగ్గరే ఉన్నాను. చెల్లెలి తంతి పెద్ద కార్యాలయం దాకా వచ్చింది. అక్కడివారు పుస్తకం చూసుకుని రాజోలు పంపించారు. మా తీగ మీద ఒక్క టిక్కు కూడా వినబడలేదు. రాజోలు కొట్లో కొత్తగా చేరిన గుమాస్తా, చివరనున్న పేరు ఎవరిదో తెలియక, దాన్ని చీటీలు గుచ్చే ఇనుప ముల్లుకు గుచ్చాడు. శనివారం మధ్యాహ్నం షావుకారు గారే చూసి, గాభరాపడి, మనిషిని పంపించారు. “జబ్బుగా ఉన్నాను. శుక్రవారం ఉదయం రాజమండ్రి స్టేషనుకు రా.” అంతే ఉంది అందులో.

నేను స్టేషను చేరేసరికి సాయంత్రమైంది. ప్లాట్‌ఫారం మీద పూలమ్మే ఆమెను అడిగాను.

“ఆ నర్సమ్మ గారాండీ? నిన్న పొద్దుటి నించీ ఆ బల్ల మీదే కూర్చున్నారండి. ఒళ్ళు పెనంలా కాలిపోతంది. ఆసుపత్రికి పదండమ్మా అంటే వింటేనా! ‘మా అన్నయ్య తంతాఫీసులోనే చేస్తాడు, ఆయనకి అందకపోవడవేంటి, వచ్చేస్తాడు’ అంటారు. ఇయ్యాల మజ్జానం ఒరిగిపోతే కూలీలు ఆసుపత్రికి మోసుకెళ్ళేరండి.”

ఆసుపత్రిలో మా చెల్లెలు నన్ను గుర్తుపట్టింది.

“తంతి అందలేదా అన్నయ్యా?”

“అందిందమ్మా. బస్సు దొరకలేదు.”

“అదే అనుకున్నాను” అంది.

మర్నాడు ఉదయం పోయింది. “ఒక రోజు ముందు తెచ్చి ఉంటే” అన్న మాటను వైద్యుడు సగంలోనే ఆపేశారు. ఆమెను ఉంచిన పెట్టెను బస్సు పైకప్పు మీద వేయించుకుని ఇంటికి వచ్చాను. మిగిలిన పద్దెనిమిది ఇళ్ళ నుంచి ఊళ్ళు వెళ్ళినవారికీ ఆ తరువాతి వారంలో కార్డులు రాశాను. అన్నీ కలిపి ఒక్క పూట పట్టింది.

విచారణకు వచ్చిన అధికారి నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. సెప్టెంబరులో ఆ మాటకు రిజిస్టరులో ఉన్న ఊరు ఏది? రాజోలు అన్నాను. తంతి ఏ ఊరు వెళ్ళింది? రాజోలు అన్నాను. ఆయన రిజిస్టరు మూసి, సంతకం చేసి, టీ కూడా తాగకుండా వెళ్ళారు. నా రిజిస్టరులో తప్పు లేదన్నది నిజం. ఇన్నేళ్ళుగా నేను మింగలేకపోతున్నది ఆ నిజాన్నే. తప్పు దొరికి ఉంటే ఎవరినో ఒకరిని శిక్షించేవారు. ఏదీ దొరకలేదు కనుక మా చెల్లెలి మరణం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

కావున సంబంధిత శాఖాధికారులను నేను కోరుతున్నది ఇది. ఆజ్ఞ జారీ కాకముందు నా ఆగస్టు ఉత్తరాన్ని ఎవరైనా చదివారా, చదివి ఉంటే ఏ కారణం చేత తోసిపుచ్చారు, “వెంటనే” అన్న మాటను ఎవరు చేర్చారు అన్నవి తెలియజేయాలి. పేటవారికి ముందుగా తెలియజేసే వీలుండి కూడా తెలియజేయని ఉద్యోగి ఎవరన్నది కూడా అందులో నమోదు కావాలి. అక్కడ నా పేరు రాయడానికి నాకు అభ్యంతరం లేదు, రాయకపోతేనే అభ్యంతరం. రసీదును, నోటిమాటను జవాబుగా అంగీకరించను. ఇది అందిన ముప్పై రోజుల లోపు, బాధ్యుడైన అధికారి సంతకంతో, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.