తెడ్డు ఆపిన మనిషి

అటక మీది రేకు డబ్బాను నా కూతురు కిందికి దించగానే లోపల ఏదో గలగలమంది. మూత తీస్తే పాచినీళ్ల వాసన, ఇన్నేళ్లకూ పోలేదు. పిడి కోసేసి, కొసన గాలం బిగించిన స్టీలు స్పూను ఒకటి చేతిలోకి తీసుకుని, "నాయనా, ఇది ఎవరిచ్చినారు?" అని అడిగింది. వెంటనే చెప్పలేకపోయాను.

కదిరి నుంచి హోసూరు వచ్చి ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో మా ఫోర్మన్ మునిరాజప్పగారు. పక్కనున్న బేరిగై ఊళ్లో రైతు కూడా. తెల్లవారుజామున టమోటా తోటకు నీళ్లు కట్టి, కాళ్లు కడుక్కుని షిఫ్టుకు వచ్చేవారు. నాకేమో నత్తి. 'మ' దగ్గరికి వస్తే గొంతుకు తాళం పడేది. షిఫ్టు మొదట్లో అందరి ముందూ నిలబడి నిన్నటి తప్పులు, ఇవాళ్టి జాగ్రత్తలు అయిదు నిమిషాలు చెప్పాలి. అది చేతనైతేనే ఉద్యోగం ఖాయం. రెండుసార్లు నిలబడ్డాను. రెండుసార్లూ తోటివాళ్లు జాలిపడి నా మాటలు వాళ్లే పూర్తి చేశారు. ఆ జాలి నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే పెగలనివాడికి ఏ ఊరైతే ఏమిటి? శనివారం ఆయన దగ్గరికి పోయి, మానేస్తానని చెప్పాను.

"పోదువులేప్పా. రేపు చేపలకు రా," అన్నారు.

కెలవరపల్లి డ్యామ్ నీళ్ల మీద ఆయనకు తెలిసినవాళ్ల పుట్టి ఒకటి ఉండేది. ఇలాంటి స్పూనే ఒకటి ఆయన చేసి తెచ్చారు. "నీళ్లలో ఇది మెరస్తా పోతే చేపపిల్ల అనుకొని కొరమీను మింగేస్తుందప్పా. విసిరినాక అప్పుడే లాగద్దు. మునగనీ," అని గాలం కర్ర నాకిచ్చి తాను తెడ్డు పట్టారు. ఆయన కళ్లలో పొర. "ఎదురెండలో నాకేమీ ఆనదు. ఈడ నీళ్లలో పాతచెట్ల మొద్దులుండాయి. నువ్వే చెప్పల్ల."

ఎండ ఎక్కాక కొరమీను పట్టింది. దారం బిగిసి కర్ర వంగింది. చేప లాగిన వైపే ఆయన తెడ్డు వేస్తున్నారు. సరిగ్గా ఎదురుగా నల్లటి మొద్దు కనిపించింది. 'మొద్దు' అనబోయాను, రాలేదు. ఎప్పటిలాగే నోరు మూసుకున్నాను. పుట్టి ధడాలున తగిలి ఒరిగింది. నీళ్లు లోపలికొచ్చి మా సంగటి ముద్దలు తడిసిపోయాయి. దారం తెగి చేపా పోయింది, స్పూనూ పోయింది.

"చూసినావా?"

"చూసినా సార్."

"మరి?"

మాట రాలేదని చెప్పడానికి కూడా నాకు మాట రాలేదు. ఆయన తెడ్డును మోకాళ్ల మీద పెట్టుకున్నారు. పుట్టి మెల్లగా తిరుగుతోంది. నా నోటి వైపు చూడలేదు, మాట అందించలేదు. ఊరికే కూర్చున్నారు. నా మాట నాకు వదిలేసిన మొదటి మనిషి ఆయన. చివరికి ఎలాగో చెప్పాను. నాకు ఏడుపొచ్చింది.

"లేటుగా వస్తే రానీప్పా. తెడ్డు ఆపి కాచుకోనుంటా. నువ్వు నోరు మూసుకుంటే మాత్రం ఇద్దరమూ మునగతాం."

ఆ తర్వాత ప్రతి మొద్దుకూ అరిచాను. 'మ' అని వినబడగానే ఆయన తెడ్డు ఆగేది, మిగతాది వచ్చేదాకా. సాయంత్రానికి చేతిలో ఒక్క చేప లేదు. అయినా ఆకలి మీద, తడి బట్టలతో, ఈల వేసుకుంటూ బస్సెక్కాను.

సోమవారం షిఫ్టులో ఆయన నా వెనక నిలబడి, "ఈ పొద్దు చెప్పేది ఇతను. ఎవరూ అందియ్యద్దండి," అన్నారు. అయిదు నిమిషాల మాటకు పావుగంట పట్టింది. ఎవరూ కదల్లేదు. చివరి మాట కూడా నేనే చెప్పాను. ఉద్యోగం ఖాయమైన రోజు ఆయన ఇంకో స్పూను చేసి నా చేతిలో పెట్టారు.

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పుడు ఆ అయిదు నిమిషాలు రోజూ నావే. కొత్తగా చేరినవాళ్లు తడబడితే చేతులు కట్టుకుని కాచుకుంటాను. ఇంట్లోనూ అంతే, ఎవరి మాటనూ ఎవరూ మధ్యలో అందుకోరు.

"చెప్పు నాయనా," అంది నా కూతురు.

"మ..." అన్నాను. ఆ అక్షరం దగ్గర నాకు ఇప్పటికీ మాట ఆగుతుంది. స్పూనును ఒళ్లో పెట్టుకుని, తొందరేమీ లేనట్టు ఆ పిల్ల కూర్చుంది, ఆయన పేరు మొత్తం వచ్చేదాకా.