కంగారూ కడుపులో పురుగులు

కొత్త జిల్లాలు ఏర్పడ్డ మూడో ఏడు ఎండకాలంలో నన్ను కరీంనగర్‌లో పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు సహాయ సంచాలకుడిగా వేశారు. పేడలో గుడ్లు వెతకడం, చచ్చిన జీవాల కడుపులో దొరికిన పురుగులకు పేరు తేల్చడం మా పని. పెళ్లి చూపుల్లో చెప్పుకునే ఉద్యోగం కాదు. చేరిన కొద్ది రోజులకే పెద్దపల్లి వైపు మండల పశువైద్యుడు ఒక సీసా పంపాడు. ఫార్మలిన్‌లో పిడికెడు తెల్లటి పురుగులు. కంగారూ పొట్టలోవట.

ఆ వైపు గ్రానైటు వ్యాపారం చేసే సేటు ఒకడుండేవాడు. ఈము కోళ్లు, ఒంటె అయిపోయాక, చుట్టుపక్కల ఎవరికీ లేనిదేదో కావాలని తన ఫామ్‌హౌస్‌కు కంగారూను తెప్పించాడు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయట. పొట్ట సంచిలో పిల్లను మోసే ఆ జీవానికి ఏం పెట్టాలో మాత్రం ఎవరూ అడగలేదు. ఆదివారాలు వచ్చిన దోస్తులు క్రీం బిస్కెట్లు, బ్రెడ్డు తినిపించి ఫోటోలు దిగేవారు.

అది చచ్చిపోతే హైదరాబాద్ నుంచి ప్రైవేటు డాక్టరు కారులో వచ్చాడు. కడుపు కోశాడు, పురుగులు చూశాడు, గొర్రెలవే అన్నాడు, బిర్యానీ తిని వెళ్లాడు. కంగారూకు గడ్డి కోసుకొచ్చేది చెరువు శిఖంలో నుంచి, అంటే ఎండకాలం నీళ్లు తగ్గాక బయటపడే నేల నుంచి. ఓదెలు అనే గొర్రెల కాపరి మంద మేసేదీ అక్కడే. సేటుకు ఇంకేం కావాలి? ఊరి పెద్దలు ఆయన మాట మీద మందను బందెల దొడ్డిలోకి తోలి తాళం వేశారు. పరాయి చేలో పడ్డ పశువులను కట్టడి చేసే దొడ్డి అది; నీడ లేదు, మేత లేదు. మండల వైద్యుడు పంపిన సీసా ఆ పురుగులదే; గొర్రెలవేనని మా పరీక్షలో తేలితే ఓదెలు మంద ఇక శిఖంలో దిగకూడదని తీర్పు. అతనికి వేరే మేత లేదు.

ఓదెలు మా వరండాలో కూర్చున్నాడు. "సారూ, గా జంతువును నేను కండ్ల సూడలే. నా గొర్లు గంత గోడ దుంకి పోయి పురుగులు ముట్టిచ్చి అచ్చినయా?" అన్నాడు. గడ్డి మీదుగా రావచ్చని, ముందే సంబరపడొద్దని చెప్పాను.

గొర్రె కడుపు పురుగు రక్తం తాగుతుంది. ఆడ పురుగు తాజాగా ఉన్నప్పుడు ఎరుపు, తెలుపు దారాలు పేనినట్టు కనిపిస్తుంది. ఫార్మలిన్‌లో ఆ రంగు పోతుంది కాబట్టి నేను కంటితో తేల్చలేను. హైదరాబాద్ డాక్టరు మాత్రం తాజాగానే చూశాడు. తెల్లగా ఉన్నాయే అన్న అనుమానం ఆయనకు రాలేదు.

పురుగులను లాక్టోఫినాల్ అనే ద్రావకంలో నానేస్తే గాజులా తేటపడతాయి. అప్పుడు సూక్ష్మదర్శినిలో నోరు, మగదాని తోక చూడాలి. గొర్రె పురుగు నోట్లో సన్నని పన్ను ఒకటి ఉంటుంది. గొడుగులా విచ్చుకునే తోకలో ఒక ఊచ పక్కకు జరిగి ఉంటుంది. సీసాలోని పురుగుల నోటి చుట్టూ పెదవుల్లాంటి మడతలున్నాయి, పన్ను లేదు. తోకలో ఊచ సరిగ్గా నడుమ ఉంది. కంగారూలలోనే బతికే కుటుంబం ఇది. జాతి పేరు చెప్పడం నా వల్ల కాదని నివేదికలో రాశాను. ఇవి కంగారూ కడుపులో వేలకొద్దీ ఉన్నా మామూలుగా హాని చేయవు.

మరి అది దేనితో చచ్చింది? కళేబరం ఇంకా ఫామ్‌హౌస్‌లో ఐస్‌క్రీం పెట్టెలోనే ఉందంటే వెళ్లాను. నోరు తెరిచి చూశాను. కింది దవడ వాచి, పళ్ల మొదళ్లలో చీము పట్టి, ఎముక కుళ్లిపోయి ఉంది. మెత్తటి తిండి చిగుళ్లలో ఇరుక్కుంటే కంగారూలకు వచ్చి ప్రాణం తీసే జబ్బు అది. కడుపంతా కోసిన డాక్టరు నోరు తెరవలేదు.

సేటుకు కోపం వచ్చింది. "బిస్కెట్లకే సస్తదా డాక్టర్ సాబ్? నా మనుమడు రోజు తింటడు."

"మీ మనుమడు గడ్డి తినడు గదా," అన్నాను.

గొర్రెల పురుగులు కూడా ఒక కారణమని నివేదికలో ఒక్క ముక్క కలపమన్నాడు. కలపలేదు. ఆ సాయంత్రం ఊరి పెద్దలు తాళం తీశారు. తల్లుల పాలు అందక కొన్ని గొర్రెపిల్లలు అప్పటికే చచ్చాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. డాక్టరు తన మాట వెనక్కి తీసుకున్నట్టు నేను వినలేదు. ఓదెలు మిగిలిన మందను చెరువు వైపు తోలుకుపోయాడు.

ఆ తర్వాత నా దగ్గర పనిచేసిన వాళ్లకు రెండు నియమాలు పెట్టాను. శవపరీక్ష నోటి నుంచి మొదలుపెట్టాలి. పురుగు ఎవరిదో తేలినా, చంపింది అదేనా అని విడిగా తేల్చాలి. అప్పటిదాకా ఎవరి ముందూ పెదవి విప్పకూడదు.