కూల్ డ్రింకు మర్యాద

తిరువూరు బస్టాండు ఎదురుగా కొట్లో ఎవరైనా కూల్ డ్రింకు మూత తీస్తే వచ్చే ఆ 'ష్' శబ్దం వినగానే నాకు వెంకటరత్నం గారే గుర్తొస్తారు. నేను టీచరుగా చేరిన మొదటి బడికి ఆయన హెడ్మాస్టరు. అంతకుముందు కొన్నేళ్ళు ఇథియోపియాలో పాఠాలు చెప్పి వచ్చారు. బంగారం తెచ్చారని కొందరు, చిల్లిగవ్వ కూడా తేలేదని మరికొందరు అనేవారు. నాకు తెలిసి ఆయన తెచ్చింది ఒక అలవాటు. మధ్యాహ్నం అందరి కారేజీలూ బల్ల మధ్యకు చేర్చి, "రండి, కలిసి తిందాం" అనేవారు. స్టాఫ్‌రూములో ఉపవాసాలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. ఆయన పట్టించుకోలేదు. కూరల వాసనకు తట్టుకోలేక ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

ఆయనది వినగడపలో మోతుబరి కుటుంబం. మా అమ్మ మార్తమ్మ ఒకప్పుడు వాళ్ళ మిరప చేలల్లో కూలికి వెళ్ళేది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. బళ్ళో మాత్రం ఇద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఒక క్రిస్మస్‌కి ఆయన, "మీ ఇంటికి భోజనానికొస్తానమ్మా" అంటే నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. పెద్దరైతులు మా ఇళ్ళకు రారని కాదు. వస్తారు. తమ ముందే మూత తీసిన కూల్ డ్రింకు తాగుతారు, అరటిపండు ఒలుచుకుంటారు, కడుపు నిండుగా ఉందంటూ లేస్తారు. మేం వండింది మాత్రం ముట్టరు. ఈయన కూడా అలాగే లేచి వెళ్తే, రోజూ ఆయన్ని పొగిడిన నేను అమ్మ ముందు తలెత్తుకోలేను.

"బళ్ళో తినటం వేరు, మన గడపలో తినటం వేరు. చూద్దాంలే" అంది అమ్మ. కోడికూర వండింది. కానీ ఆయన రాగానే తెచ్చి ముందు పెట్టింది కూల్ డ్రింకు సీసానే.

ఆయన దాన్ని పక్కకు జరిపారు. "అన్నం తినడానికొచ్చాను, మార్తమ్మా."

అమ్మ నమ్మనట్టు ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయనే చెప్పుకొచ్చారు. ఇథియోపియా వెళ్ళిన కొత్తలో తోటి టీచరు ఒకాయన ఇంటికి పిలిచాడట. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కూర్చున్నారు. ఆ టీచరు తల్లి తన చేత్తో ముద్ద చేసి ఈయన నోటికి అందించిందట. అతిథిని అలా ఆదరించడం అక్కడి మర్యాద.

"నేనెవర్నో, ఏంటో ఆవిడ అడగలేదు. ఆ ముద్ద గొంతు దిగలేదమ్మా. మా దొడ్లో నీకు దోసిట్లో నీళ్ళు పోసింది గుర్తొచ్చింది. పోసింది నేనే."

అమ్మ ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "అది తెలవటానికి అంత దూరం పోవాల్సొచ్చిందా బాబుగారూ? మా ఇల్లు మీ చేనుకవతలే గదా."

ఆయనకు కోపం రాలేదు.

"పోవాల్సొచ్చిందమ్మా. ఇక్కడున్నంత కాలం నాకది తప్పనే అనిపించలేదు."

అమ్మ లోపలికెళ్ళి రెండు కంచాలు తెచ్చింది. వడ్డన నాకు వదిలేసి, ఆయనకెదురుగా కూర్చుని తింది. ఆ పూట అమ్మను చూసి నేను గర్వపడినంతగా ఇంకెప్పుడూ పడలేదు.

వెంకటరత్నం గారు పోయి కొన్నేళ్ళయింది. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. దేశాలు తిరిగితే మనిషి మారతాడా అంటే, మారిన మనిషిని చూశానని చెబుతాను. తిరగనివాళ్ళ సంగతేంటన్నది మాత్రం నాకే ప్రశ్నగా మిగిలింది. ఎందుకంటే మావాళ్ళు కూడా తమకంటే తక్కువని గడప తొక్కని ఇళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయి. మొన్న బడి మానేసిన ఒక పిల్ల కోసం అలాంటి ఇంటికి వెళ్ళాను. తల్లి నాకు కుర్చీ వేసి, తను గుమ్మం అవతలే నిలబడింది.

"ఆకలేస్తోందమ్మా. అన్నం ఉందా?" అన్నాను.

"మా ఇంట్లోనా మేడమ్?" అంటూ ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నమ్మని చూపు. అమ్మ వెంకటరత్నం గారిని అలాగే చూసింది.