రాహుకాలంలో ఇంటర్వ్యూ

మీ కూతురి భవిష్యత్తును పంచాంగం చేతిలో ఎందుకు పెడతారు?

బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో రైలెక్కి నా ఎదుట కూర్చున్న నర్సింగ్ విద్యార్థినికి ఆ రోజే సైన్యంలో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆపరేషన్లలో మత్తిచ్చే పని అక్కడే నేర్చుకోవాలని ఆమె పట్టుదల. తల్లి మాటలు ఫోన్ స్పీకర్‌లో వినిపిస్తున్నాయి.

“రాహుకాలంలో ఇంటర్వ్యూ ఏంటే? డేట్ మార్పించుకో.”

“పేషెంట్‌కి బ్లీడింగ్ అవుతుంటే, రాహుకాలం అయ్యాక మత్తిస్తాం, వెయిట్ చెయ్ అంటామా అమ్మా? నేను వెళ్తున్నా.”

ఫోన్ సంచిలో పడేసి, పక్కన నిద్రపోతున్న పెద్దాయన ఊపిరిని వాచీ చూస్తూ లెక్కపెట్టింది.

“ప్రాక్టీస్, అంకుల్,” అంది నాతో.

మూఢనమ్మకాల మీద ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్న నేను, ఆమె తల్లికి చెప్పినంత సూటిగా ఎన్నడూ చెప్పలేదు.

మీ పిల్ల బయల్దేరితే అడ్డుపడకండి. వేళ చూడాలనిపిస్తే రైలు వచ్చే వేళ చూసి పంపండి.