చలి దేశానికి జరీ శాలువాలు

చలి దేశానికి చదువుకోవడానికి వెళ్లే పిల్లకు సన్మాన శాలువా ఎందుకు ఇస్తారో మీలో ఎవరైనా చెప్పగలరా?

నేను ఫిన్లాండ్ బయలుదేరే ముందు రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో వీడ్కోలు ప్రార్థన పెట్టారు. ప్రార్థన ముగియగానే చుట్టాలు ఒకరి తరువాత ఒకరు వచ్చి నాకు శాలువాలు కప్పారు. అన్నీ సభల్లో పెద్దలకు కప్పే రకమే. అంచున జరీ మెరుస్తుంది గాని, లోపలికి గాలి ధారాళంగా ఆడుతుంది. పెదనాన్న కప్పినదైతే ఆయన పదవీ విరమణ రోజున అందుకున్నదే.

కాలేజీ డిబేట్లలో అలవడిన మర్యాదతోనే నా అభ్యంతరం తెలిపాను.

"అత్తయ్యా, ఇది చలిని ఆపదండి."

"ఒకటి ఆపకపోతే నాలుగు కప్పుకోవే. అందుకే కదా ఇంతమందిమి తెచ్చాం!" అంది మేనత్త. సభ యావత్తూ ఆవిడ పక్షమే వహించింది.

మర్నాడు శాలువాలకు చోటు చాలక, అమ్మ పెట్టెలోంచి నా ఉన్ని కోటు తీసేసింది. అక్కడ నన్ను కాపాడేది అదొక్కటేనని వాదించాను.

"శాలువా కప్పుకున్న ఫొటో ఏదని ఒక్కొక్కరూ నన్ను అడుగుతారే. కోటు ఫొటో ఎవరడుగుతారు?" అంది అమ్మ.

ఆ తర్కాన్ని ఖండించలేక, కోటును వదులుకోలేక, దానిని తొడుక్కుని మిట్టమధ్యాహ్నం స్టేషన్‌కు బయలుదేరాను. చెమటలు కారుతున్న నన్ను అద్దంలో చూసి ఆటో అతను, "చలిజ్వరమాండి? ఆసుపత్రికి పోనిమ్మంటారా?" అని అడిగాడు.

దయచేసి, ఎవరి బిడ్డనైనా విదేశానికి సాగనంపేటప్పుడు, కానుక కొనకముందే ఆ బిడ్డకు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి.